విద్యార్థికి అవధానమే ధనము



ప్రతి సాయంకాలము ఈ మంటపమున మనము భాగవతకథలు చెప్పుకొనుచున్నాము. నేడును భాగవతమునే చెప్పుకొందము. అయితే కథలోనికి పోవుటకు ముందు మీలో అనేకుల చేతులలో నున్న ఒక వస్తువును గూర్చి ముచ్చటింపవలసి యున్నది. అది సెల్‌ఫోను. అందులోని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మొదలగు వానిని సామాజిక మాధ్యమము లనుచున్నారు. కళాశాలలలో చదువుకొను మన పిల్లల విద్యను, వారి స్నేహములను అవి ఏమి చేయుచున్నవి అనునదే నేటి విషయము.

గుడిలో చెప్పుకొనవలసిన మాటయా ఇది యని కొందరు అనుకొనవచ్చును. పూజకైనను, జపమునకైనను, ధ్యానమునకైనను మూలము మనస్సును ఒకచోట నిలుపుటయే గదా! చదువునకును అదియే మూలము. కావున ఇది గుడిలో చెప్పుకొనవలసిన మాటయే.

కొంతకాలము క్రిందట ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చినది. "స్వామీ! వీడు ఇంటర్మీడియెట్‌లో కాలేజీకే మొదటివాడు. ఇంజనీరింగులో చేరి హాస్టలుకు వెళ్ళాక నాలుగు సబ్జెక్టులు తప్పాడు. బద్ధకం పట్టుకుంది. మీరైనా నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నది. ఆ బాలుడు తల వంచుకొని నిలిచినాడు. మేము ఆ తల్లిని ప్రదక్షిణములకు పంపి, అతనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని విషయ మడిగినాము.

"నేను బద్ధకస్తుణ్ణి కాను స్వామీ. పుస్తకం తెరుస్తూనే ఉన్నాను. రెండు పేజీలు చదివేలోగా చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఎందుకు తీశానో నాకే తెలియదు. తల ఎత్తి చూస్తే గంట గడిచిపోయి ఉంటుంది. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ బాధ మరచిపోవడానికి మళ్ళీ ఫోనే తీస్తాను" అని చెప్పినాడు.

నీకు స్నేహితులు లేరా యని అడిగినాము. "గదిలో నలుగురం ఉంటాం స్వామీ. రాత్రి నాలుగు మంచాల మీద నాలుగు ఫోన్లు వెలుగుతుంటాయి. మొన్న నాకు జ్వరం వచ్చి రెండు రోజులు మెస్సుకు పోలేదు. మూడోనాడు గాని ఎవరూ గమనించలేదు. నా పుట్టినరోజుకు మాత్రం రెండు వందల మంది శుభాకాంక్షలు పంపారు" అన్నాడు.

ఆ మాట విన్న దినమున మాకు చాలసేపు నిద్ర పట్టలేదు. ఆ తల్లి చెప్పినది సోమరితనమును గూర్చి. ఆ బిడ్డ చెప్పినది చెరను గూర్చి. రోగమును తెలియక మందు వేసినచో ఏమి ఫలము? కావున ముందుగా ఈ రోగము ఎక్కడ పుట్టినదో తెలిసికొందము.

చిత్రమేమనగా, ఫేస్‌బుక్ పుట్టినది ఒక విశ్వవిద్యాలయపు వసతిగృహముననే. 2004వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్ జూకర్‌బర్గ్ అను విద్యార్థియు, అతని సహాధ్యాయులును దానిని ప్రారంభించినారు. మొదట హార్వర్డు విద్యార్థులకు మాత్రమే అందు ప్రవేశము. పిమ్మట ఒక్కొక్క విశ్వవిద్యాలయమునకు దానిని విస్తరింపజేసి, 2006 సెప్టెంబరులో లోకమున కంతటికిని తలుపులు తెరచినారు. అనగా ఈ మాధ్యమము మొట్టమొదట తాకినది విద్యార్థి లోకమునే.

అది ఒక్కొక్క కళాశాలకు ఒక్కొక్క సమయమున చేరుటచే పండితులకు ఒక పరీక్ష సాధ్యమైనది. చేరిన చోట్ల విద్యార్థుల మనఃస్థితి ఎట్లు మారినది, ఇంకను చేరని చోట్ల ఎట్లున్నది అని ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు పోల్చి చూచి, 2022లో ఒక ప్రసిద్ధ ఆర్థికశాస్త్ర పత్రికలో ప్రకటించినారు. అది చేరిన పిమ్మట విద్యార్థులలో దిగులు పెరిగినదనియు, మనోవేదన వలన తమ చదువు దెబ్బతిన్నదని చెప్పువారు హెచ్చినారనియు వారు తేల్చినారు. అందులకు ముఖ్యకారణముగా తోచుచున్నది, తమను ఇతరులతో పోల్చుకొని తమను తక్కువవారినిగా ఎంచుకొనుట యని కూడ వారు చెప్పినారు.

ఈ యంత్రము పనిచేయు తీరును కూడ కొంచెము తెలిసికొనవలెను. పుస్తకమునకు పుట తిరుగును, అధ్యాయము ముగియును. ముగిసినచోట మనస్సు ఒక క్షణము ఆగి, ఇక చాలునా యని తన్ను తాను ప్రశ్నించుకొనును. ఈ తెరకు ముగింపు లేదు. వ్రేలితో ఎంత జరిపినను క్రొత్తది వచ్చుచునే యుండును. 2006లో ఈ ఏర్పాటును కల్పించిన అజా రాస్కిన్ అను ఆయన తరువాత బహిరంగముగా పశ్చాత్తాపము ప్రకటించినాడు. 2009లో ఫేస్‌బుక్‌లో 'లైకు' అను గుర్తు వచ్చినది. మెప్పు లెక్కకు చిక్కినది. ఇవి మనకు ఉచితముగా లభించుచున్నవని సంతోషించుచున్నాము. ఆ సంస్థలకు ప్రధానమైన రాబడి ప్రకటనల వలన వచ్చుచున్నది. మన పిల్లవాడు ఎంత యెక్కువసేపు చూచిన వారికి అంత లాభము. అంగడిలో వెల లేని సరుకు ఇచ్చుచున్నారనిన, అక్కడ అమ్ముడుపోవుచున్నది మన అవధానమే యని గ్రహింపవలెను. నేర్పరులైన వేలమంది ఇంజనీర్లు ఒకవైపు, పదునెనిమిదేండ్ల బాలుడు ఒకవైపు. అతడు ఓడిపోయినచో వానిని సోమరి యని నిందించుట న్యాయమా?

ఇప్పుడు భాగవతమునకు వత్తము. ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణపరమాత్మ ఉద్ధవునకు ఒక అవధూత కథ చెప్పినాడు. ఆ అవధూత యదుమహారాజుతో తనకు ఇరువదినలుగురు గురువు లనినాడు. వారిలో భూమి కలదు, ఆకాశము కలదు, మిడుత కలదు, చేప కలదు. అందు ఇద్దరిని నేడు తలచుకొందము.

ఒకరు బాణములు చేయువాడు. అతడు అంగడిలో కూర్చుండి ఒక బాణమును సరిచేయుచున్నాడు. ప్రక్కనే రాజు వాద్యఘోషముతో పరివారసమేతుడై వెడలిపోయినాడు. అతనికి తెలియనే లేదు. ఆ బాణము తప్ప అతని మనస్సున వేరొకటి లేదు. రాజును చూడకుండుట అతనికి లోపము కాలేదు. అవధూతకు గురువగునంతటి అర్హతయే అయినది. విద్యార్థికి కావలసిన గుణ మిదియే. నేటి విద్యార్థికి గడియకు పదిమారులు రాజుగారి ఊరేగింపు బల్లమీదనే వచ్చుచున్నది. ఒక చిన్న గంట మ్రోగును, ఒక వెలుగు మెరయును. ప్రతిమారును బాణము చేతినుండి జారిపోవును. తిరిగి దానిని పట్టుకొని, గురి చూచి, విడిచినచోట మొదలుపెట్టుటకు ఎంత శ్రమ! ఇట్లు దినమంతయు కష్టపడినను ఒక్క బాణమైనను పూర్తి కాదు. అందుకే ఆ బాలుడు "పుస్తకం తెరుస్తూనే ఉన్నాను" అనుట సత్యము, పరీక్ష తప్పుటయు సత్యము.

"మేము ఒకేసారి నాలుగు పనులు చేయగలము" అని కొందరు విద్యార్థులు మాతో వాదించినారు. నాయనలారా! ఒకేసారి అనేక విషయములు మోయు విద్య మన తెలుగువారికి క్రొత్త కాదు. తిరుపతి వేంకట కవులు ఊరూర ప్రసిద్ధికి తెచ్చిన అవధానవిద్య మనకున్నది. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు సమస్య ఇత్తురు, ఒకరు దత్తపది ఇత్తురు, ఒకరు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టుదురు. వారిలో ఒకరి పని అప్రస్తుతప్రసంగము. అవధాని ఏకాగ్రతను చెడగొట్టుటకే ఆయనను అక్కడ కూర్చుండబెట్టుదురు. అవధాని ఆయనకు ఒక చమత్కారమైన సమాధానము చెప్పి, సభను నవ్వించి, తన పద్యపాదమునకు తిరిగి వచ్చును. చివరకు ధారణలో పద్యము లన్నియు వరుసగా అప్పగించును. ఆ తిరిగి వచ్చుటయే, ఆ ధారణయే అవధానము. మన ఫోనులో ఎనమండుగురును అప్రస్తుతప్రసంగము చేయువారే. తిరిగి వచ్చు అవధాని యెక్కడ? రాత్రి పండుకొనునప్పుడు, నేడు చూచిన నూరు దృశ్యములలో పదింటిని ధారణ చేయుమన్నచో చేయగలవారెవరు?

అవధూత చెప్పిన రెండవ గురువు పింగళ. ఆమె విదేహనగరమున నుండు ఒక వేశ్య. ఇచ్చట పోలిక ఆమె వృత్తితో కాదు, ఆమె నిరీక్షణతో మాత్రమే. ఒకనాటి రాత్రి చక్కగా అలంకరించుకొని వాకిట నిలిచినది. దారిన పోవు ప్రతివానిని చూచి ఇతడు వచ్చునేమో యనుకొన్నది. అతడు దాటిపోయినాడు. ఇంకొకడు వచ్చునేమో యనుకొన్నది. లోపలికి పోవును, మరల వాకిటికి వచ్చును. ఇట్లు అర్ధరాత్రి యైనది, నిద్ర లేదు. ఒక విద్యార్థిని తన ఛాయాచిత్రమును పదిమందికి చూపి, ఎందరు మెచ్చుకొన్నారో యని క్షణక్షణము తెర తెరచి చూచుచు రాత్రి గడుపుట ఇదియే కాదా? చివరకు పింగళకు వైరాగ్యము కలిగి, తనలోనే యున్న పరమాత్మను విడిచి ఎవరికొరకో ఎదురుచూచితినే యని విచారించి, ఆశ విడిచి సుఖముగా నిద్రించినది. దుఃఖము పరుల వలన రాలేదు. పరుల మెప్పుపై పెట్టుకొన్న ఆశ వలన వచ్చినది.

ఇక పోలికను గూర్చి ఒక మాట. భారతమున దుర్యోధనుడు మయసభలో ప్రవేశించినాడు. నేలను చూచి నీరనుకొన్నాడు, నీటిని చూచి నేల యనుకొని అందు పడినాడు. తిరిగి వచ్చునప్పుడు అతని హృదయము అసూయతో దహించుకొనిపోయినది. హస్తినలో అతనికి ఏమి తక్కువ? అయినను ధర్మరాజు వైభవమును చూచిన కన్నులతో తన వైభవమును చూచుకొనలేకపోయినాడు. తుదకు ఆ మంట కులమునే కాల్చినది. ఇన్‌స్టాగ్రామ్ అట్టి మయసభయే. ఒకని ఉద్యోగపత్రము, ఒకని విహారయాత్ర, ఒకతె క్రొత్తచీర మాత్రమే అందు కనిపించును. వారి అప్పులు, ఏడ్పులు, తప్పిన పరీక్షలు కనిపింపవు. హాస్టలు గదిలో ఒంటరిగా కూర్చున్న మన బిడ్డ, లోకములో అందరును సుఖముగా నున్నారు, నేనొక్కడనే పనికిరానివాడ నని నమ్మును. నేలను చూచి నీరనుకొనుట ఇదియే.

ఈ భ్రమకు పెద్దలమైన మనము కూడ కారణము కామా? "వాళ్ళబ్బాయి డాలస్‌లో ఇల్లు కొన్నాడట, ఫొటోలు చూశావా?" అని భోజనముల వేళ మాటాడునది ఎవరు? బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చి యెదుట కూర్చున్నప్పుడు వాట్సాప్ సందేశములు చదువుకొనునది ఎవరు? ఇతరుల సంగతి యేల, మా సంగతియే చెప్పుదుము. మా ప్రవచనములను కొందరు భక్తులు యూట్యూబులో ఉంచుచున్నారు. ఒకనాడు సంధ్యావందనమునకు కూర్చుండబోవుచు, నిన్నటి ప్రవచనమును ఎందరు చూచినారో యని మేమును అడిగినాము. అడిగిన పిమ్మట సిగ్గుపడినాము. జుట్టు నెరసిన మమ్ములనే అది లాగినదనిన, మీసము రాని పిల్లవానిని లాగుటలో ఆశ్చర్య మేమున్నది?

అట్లని ఫోనును నూతిలో పడవేయుమని మేము చెప్పుట లేదు. 2020లో కళాశాలలు మూతపడినప్పుడు చదువు సాగినది దాని వలననే. 2021లో ప్రాణవాయువు కొరకు, ఆసుపత్రిలో పడక కొరకు జనులు అల్లాడినప్పుడు, ముక్కుమొగము తెలియనివారికి రాత్రింబవళ్ళు సమాచార మందించినవారిలో ఈ విద్యార్థులే ఎందరో కలరు. ఐఐటీల ఆచార్యుల పాఠములు పల్లెటూరి బిడ్డకు ఉచితముగా అందుచున్నవి. విదేశములలో చదువుకొనుచున్న బిడ్డ మొగము తల్లికి నిత్యము కనిపించుచున్నది. నిప్పు పొయ్యిలో నున్న అన్నము వండును, ఇంటికప్పున నున్న ఇల్లు కాల్చును. నిప్పు ఒకటియే, చోటు వేరు. కావున ఫోనునకు కావలసినది చోటు, వేళ, హద్దు.

హద్దు పెట్టిన ఫలముండునా? అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 143 మంది విద్యార్థులతో జరిగిన ఒక పరిశోధన 2018లో ప్రకటింపబడినది. కొందరిని యథాప్రకారము ఉండుమన్నారు. మిగిలినవారికి మూడు మాధ్యమములను ఒక్కొక్కటి దినమునకు పది నిమిషములకు మించి చూడరాదని నియమము పెట్టినారు. మూడు వారములకే ఆ నియమము పాటించినవారిలో ఒంటరితనము, దిగులు తగ్గినవి. పూర్తిగా విడువలేదు, హద్దు పెట్టుకొన్నారు, అంతే.

గీతలో అర్జునుడు మనస్సును పట్టుట గాలిని పట్టుటవలె కష్టమని మొరపెట్టుకొన్నాడు. కష్టము కాదని భగవానుడు అనలేదు. అభ్యాసము చేతను వైరాగ్యము చేతను అది సాధ్యమని చెప్పినాడు. ఆ అభ్యాసమునకు కొన్ని నియమములు చెప్పుదుము, వినుడు.

మొదటిది. చదువునప్పుడు ఫోను బల్లమీద ఉండరాదు, వేరొక గదిలో నుండవలెను. హాస్టలులో వేరు గది లేకున్న స్నేహితుని పెట్టెలో పెట్టి తాళము వేయించుడు. ఒక్క గంటతో ప్రారంభించుడు.

రెండవది. పండుకొను మంచము మీదికి దానిని రానీయకుడు. వేకువన లేచుటకు అలారము గడియారము కొనుక్కొనుడు. నిద్రకు ముందు చూచునదియు, లేవగానే చూచునదియు దేవుని పటమో, తల్లిదండ్రుల మొగమో కావలెను.

మూడవది. భోజనమునకు ఫోనుతో పోవద్దు. ప్రక్కవాడు తినుచున్నాడా, రాలేదా అని చూచుటయే స్నేహమునకు మొదటి మెట్టు.

నాల్గవది. ఏకాదశికి ఉపవాస మున్నట్లు, ఆ దినమున ఈ మాధ్యమములకు కూడ ఉపవాస ముండుడు. ఉపవాసమనగా భగవంతునికి దగ్గరగా నుండుట. మాసమునకు రెండు దినములు ఎవరికిని బరువు కాదు.

అయిదవది. ఒకరిని గూర్చి వ్రాయుటకు ముందు, ఆ మాట వారి యెదుట నిలిచి అనగలనా యని ప్రశ్నించుకొనుడు. ఇతరుల చిత్రములను వారి అనుమతి లేక పంపుట పాపము. ఆడపిల్ల చిత్రము చూపి యెవరైన బెదరించినచో, తల్లిదండ్రులారా, ముందుగా ఆ బిడ్డను నిందింపకుడు. ఆమె ప్రక్కన నిలువుడు. సైబరు నేరములకు 1930 అను ఫోను సంఖ్య కలదు.

ఆరవది. బిడ్డ అన్నము మాని, నిద్ర మాని, బ్రతుకు మీద విరక్తి మాటలు మాటాడినచో దానిని కర్మ యని గాని, నటన యని గాని త్రోసివేయకుడు. మొక్కులు మ్రొక్కుడు, వైద్యునికి కూడ చూపుడు. ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీమానస్ కేంద్రము 14416 సంఖ్యకు ఉచితముగా పలుకును. వైద్యుని చేతిలో కూడ భగవంతుడే యున్నాడు.

ఇవి మాకు సాధ్యమా యని అనుకొనుచున్నారేమో. తిరుమలకు పోవునప్పుడు ఏమి చేయుచున్నారు? ఆలయములోనికి ఫోను అనుమతింపరు గనుక దానిని అప్పగించి పోవుచున్నారు. వరుసలో గంటలు నిలిచియుందురు. గోవిందనామము చేయుదురు. ప్రక్కవారు ఏ ఊరివారో, ఏ మొక్కునకు వచ్చినారో అడుగుదురు. వారి బిడ్డను ఎత్తుకొందురు. స్వామి యెదుట నిలిచినది ఒక్క క్షణమైనను ఆ క్షణము జీవితాంతము మనస్సున నిలిచియుండును. ఏల? ఆ క్షణమున మనస్సు అక్కడనే యున్నది గనుక. విద్యార్థులారా! సరస్వతీదేవి సన్నిధికి పోవునప్పుడు కూడ ఫోనును బయట అప్పగించి పొండు. మీ పుస్తకమే ఆ సన్నిధి.

ఆ బాలుని సంగతి యేమైనదని మీరు అడుగవచ్చును. అద్భుతమేమియు జరుగలేదు. ఆరు మాసములకు మరల వచ్చినాడు. నాలుగింటిలో రెండు సబ్జెక్టులు గట్టెక్కినవట, రెండు మిగిలినవట. మధ్యలో కొన్ని దినములు నియమము తప్పినాడట, మరల పట్టుకొన్నాడట. ఈసారి ఒంటరిగా రాలేదు. గదిలోని ముగ్గురిని కూడ వెంటబెట్టుకొని వచ్చినాడు. నలుగురును మంటపపు మెట్లమీద కూర్చుండి పులిహోర ప్రసాదము తినుచు, ఏదో చెప్పుకొని పెద్దగా నవ్వుకొన్నారు. ఆ నవ్వు వినుచు ఆ తల్లి కన్నులు తుడుచుకొన్నది.

అట్టి నవ్వు ప్రతి వసతిగృహమున, ప్రతి యింట వినబడుగాక. మన బిడ్డల అవధానము వారి వశముననే యుండి, చదువునకు, తోడివారికి, భగవంతునకు అర్పితమగుగాక యని శ్రీ వేంకటేశ్వరస్వామి పాదములను ప్రార్థించుచు ఈ ప్రసంగమును ముగించుచున్నాము.

శ్రీకృష్ణార్పణమస్తు. స్వస్తి.